గోడవతలి పొయ్యి

మా మంచం తలవైపు గోడ తెల్లవారుజామున వెచ్చబడుతుంది. ముందు కింద, నేలకు దగ్గరగా. తర్వాత మెల్లగా పైకి పాకి దిండు దాకా వస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ వెచ్చదనం ఎక్కడిదో తెలియక, నిద్రలోనే గోడవైపు జరిగి వీపు ఆనించి పడుకునేవాణ్ణి. కలలోకి ఎండ వచ్చేది. మా ఊరి పత్తి చేను, గట్టు మీద ఆరేసిన చొక్కా, దూరంగా ఎవరో నన్ను పిలుస్తున్నట్టు, నేను పలక్కుండా ఎండలో కూర్చున్నట్టు, ఇట్లా ఏవేవో. కళ్లు తెరిస్తే కిటికీ బయట ఇంకా మసక మసకగానే ఉండేది. గోడకవతల మా అత్తమ్మ పొయ్యి ముట్టించిందన్నమాట.

పెళ్లి చేసుకుని అత్తవారింటికి వచ్చింది నేనే. నా భార్య పుట్టిన ఇంట్లోనే ఉంది. వరంగల్‌లో మగ్గం నేసే ఇల్లు వాళ్లది, ఆమె ఒక్కతే బిడ్డ. మాది తొర్రూరు దగ్గర పల్లె. మా తాతల నాడు మాకూ మగ్గాలుండేవట. మా నాన్న నాటికి కొద్దిపాటి పత్తి చేను, దానికి ముగ్గురు కొడుకులం మిగిలాం. నన్ను ఇల్లరికం పంపడానికి మా అమ్మకు మనసొప్పలేదు. ఒప్పుకున్నాక కూడా ఊరికే ఒప్పుకోలేదు. మాట ఖాయం చేసుకునే రోజు అందరి ముందూ మా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకును మీ ఇంట్ల జీతగాణ్ణి చెయ్యద్దు వదినె. పుల్ల ఇటుదీసి అటు పెట్టనియ్యద్దు. నాకు మాటియ్యి" అంది.

"ఇచ్చిన వదినె" అంది మా అత్తమ్మ.

మా అత్తమ్మ మాటంటే మాటే. నిజంగానే పుల్ల కూడా పెట్టనియ్యలేదు.

వినడానికి ఇది ఎంత బాగుంటుందో, బతకడానికి అంత చికాకు. నేను గదిలోంచి బయటికి వస్తే చాలు, ఆమె కొంగు తల మీదికి లాక్కునేది. నాతో నేరుగా మాట్లాడేది కాదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "అల్లుణ్ణి చాయ్ తాగుమను" అని బిడ్డకు చెప్పేది. ఒకోసారి బిడ్డ ఇంట్లో ఉండేది కాదు. అప్పుడు గోడకో, పిల్లికో చెప్పేది. నేను తినేదాకా ఇంట్లో ఎవరూ తినేవారు కాదు. మట్టెవాడలో నేను పనిచేసే మందుల దుకాణంలో ఆలస్యమైతే, పాపం మా మామ ఆకలితో మగ్గం దగ్గరే కూర్చుని గుమ్మం వైపు చూసేవాడు. ఇంటికొచ్చిన నాకు తప్పు చేసినట్టుండేది. ఇంత మర్యాద ఎవడికి కావాలి?

ఒకరోజు పొయ్యిలోంచి మండే కట్టె ఒకటి జారి బయటికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. వంగి చేత్తో లోపలికి నెట్టబోయాను. అత్తమ్మ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చి నాకు, పొయ్యికి మధ్య నిలబడింది. "ఏమే, అల్లుణ్ణి ఇవతలికి రమ్మను, బట్టలకు మసైతది!" అని కేకేసింది. నేను ఆమెకు జానెడు దూరంలో ఉన్నాను. నా భార్య వీధిలో కూరగాయల బండి దగ్గర ఉంది.

ఆ రోజు నాకు కోపం కంటే ఒంటరితనం ఎక్కువైంది. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఒక పనికి పిలవాలి. పేరు పెట్టో, తిట్టో, ఎట్లాగో ఒకట్లా. ఇంటి మనిషిని ఎవరూ పీట వేసి కూర్చోబెట్టరు. నన్ను కూర్చోబెట్టారు కాబట్టి నేను ఇంకా బయటి మనిషినే. మా ఊరు పోతే అక్కడా ఇప్పుడు చుట్టాన్నే. మరి నాదంటూ ఏ ఇల్లున్నట్టు?

పొయ్యి దగ్గరికి రానియ్యరు కదా, గోడ ఇవతల పడుకుని వినడం మొదలుపెట్టాను. ఎవరూ కాదనలేని పని అదొక్కటే దొరికింది.

చలికాలం పొద్దుల్లో సగం నిద్ర, సగం మెలకువ. దుప్పటి లోపల వేరే లోకం. ముందు అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తర్వాత ఎండుపుల్లల చిటపట. ఆ తర్వాత గొట్టంతో ఊదడం, పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. మంట లేచాక బుస్సుమని ఒక మోత ఉంటుంది. అది చాలాసేపు ఉండదు, తగ్గిపోతుంది. నీళ్ల కాగు లోపల గొణుగుడు మొదలవుతుంది. ఆ గొణుగుడు వింటూ మళ్లీ నిద్రలోకి జారిపోయేవాణ్ణి. కలలో మా నాయనమ్మ ఎవరితోనో ముచ్చట పెట్టేది, మాటలు తెలిసేవి కావు. ఇంతలో గరగరమని నేల మీద కట్టె జరిగిన చప్పుడు. అత్తమ్మ ఇంకో కట్టె పొయ్యిలోకి నెట్టింది.

ఆమె ఎప్పుడు నెడుతుందో కనిపెట్టడం నాకు ఆటైంది. దుప్పటిలో "ఇప్పుడు" అనుకునేవాణ్ణి. గరగర వినబడేది కాదు. మళ్లీ "ఇప్పుడు" అనేవాణ్ణి. ఊహూఁ. నేను ఆశ వదులుకుని నిద్రపోయాక వినబడేది.

మొదటి చలికాలమంతా ఓడిపోయాను. ఎందుకో ఆలోచిస్తే తెలిసింది. మా ఇంట్లో పత్తికట్టెతో వంట. పత్తికట్టె భగ్గున మండి భస్సున ఆరిపోతుంది. మా అమ్మ ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో కట్టె కుక్కుతూనే ఉండాలి. మంట తగ్గిందంటే అంతే సంగతులు. ఇక్కడ కాల్చేది తుమ్మ కట్టె. తుమ్మ మంట తగ్గాకే అసలు పని మొదలుపెడుతుంది. లోపల ఎర్రగా నిప్పు కట్టి, చప్పుడు లేకుండా కాలుతుంది. మంట తగ్గిన చప్పుడు విని నేను తొందరపడుతున్నాను. అత్తమ్మ చెవి మంట మీద లేదు, నీళ్ల మీద ఉంది. కాగులో గొణుగుడు సన్నగిల్లకముందే, సన్నగిల్లబోతున్నప్పుడే ఆమె కట్టె జరుపుతుంది. సన్నగిల్లాక జరిపితే కట్టె అందుకునేలోపు నీళ్లు చల్లబడతాయి.

ఇది తెలిశాక గెలవడం మొదలైంది. "ఇప్పుడు" అంటే గరగర. ఆ ఆనందం చెప్పుకుంటే నవ్వుతారు గానీ, నిజంగా ఒళ్లు పులకరించేది.

"ఎవలతోని మాట్లాడుతానవయ్యా నిద్రల?" అనేది నా భార్య.

"మీ అమ్మతోని."

ఆమె అటు తిరిగి పడుకునేది.

అట్లా ఏళ్లు గడిచాయి. ఈమధ్య అత్తమ్మ కంటిలో పొర వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేసి నల్లద్దాలు పెట్టి పంపారు. కొన్నాళ్లు పొగ తగలొద్దు, పొయ్యి దగ్గరికే పోవద్దు అన్నాడు డాక్టరు. వంటకేం, గ్యాస్ ఉంది, నా భార్య చూసుకుంటుంది. చిక్కు అక్కడ కాదు. మా మామ చీర పొడవు పోగుల పడుగు సిద్ధం చేసి ఉంచాడు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ నూలును వాడ పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. వాడలో ఇంకా చేత్తో నేసే నలుగురైదుగురు ముసలివాళ్లు సాయం వస్తామన్నారు. ఎల్లుండి నుంచి మురుగు మోరీ కోసం వాడంతా తవ్వుతారని కబురు. తవ్వాక పడుగు పరవడానికి చోటుండదు. కాబట్టి రేపు పొద్దునే గంజి కావాలి.

గంజి ఎప్పుడూ అత్తమ్మే కాచేది. బియ్యప్పిండి గంజి అంటే తేలిగ్గా తీసిపారేయొద్దు. మాడితే నల్లటి మాడు పెళ్లలు తెల్లటి నూలుకు అంటుకుంటాయి, ఉతికినా పోవు. పచ్చిగా ఉంటే నూలుకు బలం పట్టదు, మగ్గం మీద పోగులు తెగుతూనే ఉంటాయి. మా మామ ఆ వయసులో తెగిన పోగులు అతుక్కుంటూ కూర్చోవాలి. గంజి కాచే పెద్ద బగోనె గ్యాస్ పొయ్యి మీద కూర్చోదు. నా భార్యకు కట్టెల పొయ్యి అంటే ఒళ్లు మంట. మామకు మగ్గం తప్ప ఏమీ తెలియదు.

"గంజి నేను కాస్త" అన్నాను.

మామ నా వైపు చూసి, లోపలి గది వైపు చూశాడు. లోపల్నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"ఏమే, అల్లుణ్ణి ఊకుండుమను. నేను వదినెకు మాటిచ్చిన."

నాకూ తిక్క రేగింది. నేనూ భార్యతోనే అన్నాను, గట్టిగా, గదిలోకి వినబడేట్టు. "మీ అమ్మకు చెప్పు. ఆ మాట ఇచ్చింది మా అమ్మకు. నేనేం అడగలే."

లోపల మంచం కిర్రుమంది, ఆమె అటు తిరిగి పడుకున్నట్టుంది. అదే ఒప్పుకోవడం అనుకున్నాను.

పొద్దున ఇంకా వెలుగు రాకముందే లేచాను. పొగ తగలకుండా అత్తమ్మను మా గదిలో, మా మంచం మీద పడుకోబెట్టి తలుపు వేశాం. నల్లద్దాలతో వెల్లకిలా పడుకుని, ఊరు ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా ఉంది. నేను వెళ్లి పొయ్యి ముందు పీట మీద కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి.

విన్నవన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి. ఎండుపుల్లలు చిటపటమన్నప్పుడు లేత పసుపు. బుస్సుమన్నప్పుడు నారింజ. మోత తగ్గాక, తుమ్మ కట్టె పొట్టలో లోతైన ఎరుపు, ఊపిరి తీసినట్టు మెరుస్తూ, మసకబారుతూ. బయట మంచు. పొగ పైకి లేచి, వాకిట్లో మంచులో కలిసి ఏది ఏదో తెలియకుండా పోయింది. కాసేపు నేను గోడకు ఇవతల ఉన్నానో అవతల ఉన్నానో తేలలేదు. దుప్పటిలో పడుకుని ఇదంతా కలగంటున్నానేమో, ఇప్పుడో ఇంకాసేపటికో భార్య లేపుతుందేమో అనిపించింది. నీళ్ల గొణుగుడు సన్నగిల్లబోయింది. "ఇప్పుడు" అనుకుని కట్టె జరిపాను. గొణుగుడు నిలబడింది. నవ్వొచ్చింది. ఎవరైనా చూస్తే బాగుండుననిపించింది.

నీళ్లు మరిగాక, కలిపి పెట్టుకున్న పిండి పోసి తెడ్డుతో తిప్పడం మొదలుపెట్టాను. గంజి మెల్లగా చిక్కబడుతోంది. చెవి పొయ్యి మీదే పెట్టాను. మళ్లీ సమయమైంది, కట్టె జరిపాను. ఇంకోటి జరిపాను. అంతా ఏళ్ల తరబడి విన్నట్టే చేస్తున్నాను. కానీ గంజి పుట్‌పుట్‌మని ఎగిరి నా చేతి మీద పడింది. తెడ్డు అడుగున ఏదో పట్టుకున్నట్టు బరువెక్కింది. సన్నగా మాడు వాసన. ఇంకా ఏం చెయ్యాలి? నాకు తెలిసింది కట్టె పెట్టడమే. మా ఊళ్లో పత్తికట్టె వెనక్కి తీయడమన్నదే లేదు, తీయడానికి మిగలదు. ఇక్కడ అత్తమ్మ ఏం చేసేదో నాకు వినబడలేదు.

గోడ దబదబా మోగింది. లోపల్నుంచి అత్తమ్మ అరచేత్తో కొడుతోంది.

"గుంజురా! కట్టె ఎనుకకు గుంజు!"

రెండు చేతులతో కట్టెలు బయటికి లాగాను. పొగ ముంచెత్తింది. చెంబు కోసం తడుముకున్నాను.

"నీళ్లు సల్లకు! బూడిదల కుక్కు! పిడిదాక బూడిదల కుక్కురా!"

కుక్కాను.

"తెడ్డు పైపైన తిప్పు. అడుగు గీకకు. మాడింది మాడనియ్యి, పైది పోనియ్యకు."

పైపైన తిప్పాను. మాడు వాసన మెల్లగా ఆగిపోయింది. గంజి మళ్లీ సద్దుమణిగి, నిదానంగా ఉడుకుతోంది.

"నిప్పుల మీదనే ఉండనియ్యి ఇగ" అంది గోడ, ఈసారి మామూలు గొంతుతో. "ఎప్పుడు పెట్టాల్నో మంచిగనే ఎరుక. ఎప్పుడు తియ్యాల్నో ఎరుకలేదు. పిండి పడ్డంక కట్టె పెట్టుడుండది, తీసుడే ఉంటది."

కట్టెను నేల మీద ముందుకు నెడితే గరగరమంటుంది. మంట మెల్లగా తగ్గాలని రెండు వేళ్లతో ఎత్తి వెనక్కి తీస్తే చప్పుడు రాదు. ఆమె అట్లా ఎత్తి తీసిన కట్టెలన్నీ నాకు తెలియకుండానే జరిగిపోయాయి. సగం పని విని, పనంతా వచ్చిందనుకున్నాను. ఆమె మాత్రం అటు పడుకుని, గంజి పుట్‌పుట్ విని సంగతి పట్టేసింది.

గుడ్డలో వడగట్టిన గంజిని మామ రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. బగోనె ఎత్తుకుని వాడలోకి నడిచాడు. వాడలో మంచు తేలిపోతుంటే తెల్లటి పోగులు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊగుతున్నాయి. ముసలివాళ్లు రెండు వైపులా నిలబడి కుంచెలతో దువ్వుతున్నారు. ఎండ పడగానే ఆ తడి నూలంతా మెరిసింది. నేను అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, అత్తమ్మ నాతో మాట్లాడింది. నాతోనే. "గుంజు" చివర "రా" కూడా తగిలించింది.

ఆ తర్వాత వారాలు నా జీవితంలో మంచి రోజులు. స్నానాలకు నీళ్లు కాచే పని నాదే అయింది. తలుపు పట్టుకుని, నల్లద్దాల్లోంచి దిక్కులు చూస్తూ ఆమె నన్ను తిట్టేది. గిట్ల కాదురా, గట్ల కాదురా. నేను తిట్లు తింటూ ఈల వేసుకునేవాణ్ణి. నా భార్యకు మా ఇద్దరి మధ్య మాటలు మోసే పని తప్పింది. కానీ అద్దాలు తీసేసే రోజు దగ్గరపడుతుంటే నాకు దిగులు పట్టుకుంది. కన్ను బాగైతే ఆమె మళ్లీ పీట తీసేసుకుంటుంది. కొంగు తల మీదికి పోతుంది. నేను అల్లుణ్ణి అయిపోతాను.

అద్దాలు తీసేశారు. కన్ను బాగైంది. ఆ వారంలోనే అత్తమ్మను చూసిపోదామని తొర్రూరు నుంచి బస్సెక్కి మా అమ్మ వచ్చింది, చేతిలో పండ్ల సంచితో.

ఆమె వాకిట్లోకి అడుగుపెట్టేసరికి నేను లుంగీ ఎగగట్టి, చేతులకు మసితో పొయ్యి ముందు ఉన్నాను. సర్వపిండి కాలుస్తున్నాను. గిన్నె లోపల అద్దిన పిండి నిప్పుల సెగకే కాలాలి, మంట తగిలితే పాడైపోతుంది. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

మా అమ్మ సంచి కింద పెట్టలేదు.

"ఇదేందొదినె? నా కొడుకుతోని పొయ్యి ఊదిపిస్తానవా? నాకు మాటియ్యలేదా నువ్వు?"

మామ మగ్గం ఆపాడు. నా భార్య గుమ్మంలో నిలబడిపోయింది. అత్తమ్మ మాటంటే మాటే కదా. ఇప్పుడు లేస్తుంది, నన్ను లేపుతుంది, ఇక ఎప్పటికీ ఇంతే అనుకున్నాను. పీటను కాళ్లతో గట్టిగా పట్టుకున్నాను, చిన్నపిల్లాడిలా.

అత్తమ్మ లేవలేదు. తల మీదికి కొంగు లాక్కోలేదు.

"ఇచ్చిన వదినె. అల్లుణ్ణి ముట్టనియ్యనని ఇచ్చిన. ఇన్నేండ్లు ముట్టనియ్యలె" అంది. కొత్తగా బాగైన కంటితో నన్ను చూసింది. "నాకు కొడుకుల్లేరు. రేపు నేను పోతే నాకు కొరివి పెట్టేది వీడే గద. బతికుండంగ నా పొయ్యి ముట్టనియ్యక, సచ్చినంక నన్ను కాల్చమంటె ఏం న్యాయం?"

మా అమ్మ సంచి కింద పెట్టి, అరుగు మీద అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. నేను ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాను.

"ఏం చూస్తానవ్‌రా?" అంది అత్తమ్మ. "పిండి మాడుతాంది. కట్టె గుంజు."

రెండు వేళ్లతో ఎత్తి, చప్పుడు కాకుండా వెనక్కి తీశాను.